గ్రాఫ్‌లో గీత పైకెక్కితే బండి కొండెక్కినట్టు కాదు

హైస్కూలు భౌతికశాస్త్రంలో చలనం పాఠం మొదలవగానే ఒక స్థానం–కాలం గ్రాఫ్ ఎదురవుతుంది. గీత ఎడమ కింది మూల నుంచి ఏటవాలుగా పైకి వెళ్తుంది, కొంతసేపు అడ్డంగా సాగుతుంది, తర్వాత కిందికి దిగి అడుగున ఉన్న అక్షాన్ని తాకుతుంది. ఈ వస్తువు ఏం చేసిందో చెప్పమంటే చాలామంది నోట వచ్చే జవాబు ఒకటే. కొండ ఎక్కింది, పైన చదునుగా ఉన్నచోట నడిచింది, అవతలి వైపు దిగింది.

అసలు జరిగింది వేరు. ఆ వస్తువు తిన్నని దారిలో ముందుకు వెళ్లింది, ఒకచోట ఆగింది, వెనక్కి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. కొండా లేదు, లోయా లేదు. గీత అడ్డంగా సాగినంతసేపూ వస్తువు అడుగు కూడా కదల్లేదు.

ఈ పొరపాటు తెలివితక్కువ పిల్లలు చేసేది కాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మట్ బృందం 1987లో ప్రచురించిన పరిశోధనలో కాలేజీ విద్యార్థులు సైతం గీత ఎత్తు ఏం చెబుతుందో, వాలు ఏం చెబుతుందో తేల్చుకోలేక తడబడినట్టు తేలింది. చలన గ్రాఫులు ఎంతవరకు అర్థమయ్యాయో కొలవడానికి రాబర్ట్ బైక్నర్ 1994లో ఒక ప్రశ్నపత్రాన్ని వెలువరించాడు. గ్రాఫ్‌ను దారి బొమ్మగా చూడటం అనే అలవాటు అందులోనూ స్పష్టంగా బయటపడింది. కారణం ఊహించడం కష్టం కాదు. చిన్నప్పటి నుంచి కాగితం మీద గీసిన గీతల్ని మనం బొమ్మలుగానే చూస్తూ వచ్చాం. పైన ఉన్నది ఎత్తు, కింద ఉన్నది లోతు. స్థానం–కాలం గ్రాఫ్ ఆ అలవాటును పక్కన పెట్టమంటుంది. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పకుండా వాలు సూత్రం బట్టీ పట్టించడం వల్లే ఈ పాఠం చాలామందికి కొరకరాని కొయ్యగా మిగిలిపోతోందని నా గట్టి నమ్మకం.

కిలోమీటరు రాయి మీద అంకె

గ్రాఫ్‌లో రెండే సంగతులు ఉంటాయి. అడ్డంగా ఉన్న అక్షం మీద కాలం, నిలువుగా ఉన్న అక్షం మీద స్థానం. కాలాన్ని గడియారం చెబుతుంది. మరి స్థానాన్ని ఏది చెబుతుంది?

రోడ్డు పక్కన ఉండే కిలోమీటరు రాళ్లు చెబుతాయి. స్కూటర్ ఏ రాయి దగ్గర ఉందన్నదే దాని స్థానం. స్కూటర్ ముందున్న మీటరులో తిరిగిన కిలోమీటర్లు చూపించే అంకె స్థానం కాదు, అది ప్రయాణించిన దూరం. ముందుకు వెళ్లినా వెనక్కి వచ్చినా మీటరులో అంకె పెరుగుతూనే ఉంటుంది. రాయి మీద అంకె అలా కాదు, వెనక్కి తిరిగితే తగ్గుతుంది. దూరం–కాలం గ్రాఫ్ ఎప్పుడూ కిందికి దిగదు, స్థానం–కాలం గ్రాఫ్ దిగగలదు. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

లెక్క వేసి చూద్దాం. స్కూటర్ మీద ఒకాయన తిన్నని రోడ్డుపై 10వ కిలోమీటరు రాయి దగ్గర బయల్దేరాడు. 20 నిమిషాల్లో 22వ రాయి చేరాడు. అక్కడ టీ తాగడానికి 10 నిమిషాలు ఆగాడు. ఏదో మరిచిపోయి వెనక్కి తిరిగి, మరో 24 నిమిషాల్లో 6వ రాయి దగ్గరికి వచ్చాడు. గ్రాఫ్‌లో మూడు ముక్కలు వస్తాయి. మొదటిది 10 నుంచి 22కి ఎక్కుతుంది, రెండోది 22 దగ్గర అడ్డంగా ఉంటుంది, మూడోది 22 నుంచి 6కి దిగుతుంది.

మొదటి ముక్కలో 20 నిమిషాలకు స్థానం 12 కిలోమీటర్లు మారింది. గంటకు 36 కిలోమీటర్ల వేగం, ఆ ముక్క వాలు అదే. మూడో ముక్కలో 24 నిమిషాలకు 16 కిలోమీటర్లు, అదీ తగ్గే దిశలో. గంటకు మైనస్ 40 కిలోమీటర్లు. మైనస్ గుర్తుకు నెమ్మది అని అర్థం లేదు, వెనకవైపు అని మాత్రమే అర్థం. నిజానికి వెనక్కి వచ్చేటప్పుడే ఆయన బండిని ఎక్కువ వడిగా నడిపాడు. గీతలో ఆ మూడో ముక్క మొదటి ముక్క కన్నా నిటారుగా ఉండటం అందుకే.

మొత్తం 54 నిమిషాల్లో ఆయన తిరిగిన దూరం 28 కిలోమీటర్లు. స్థానంలో వచ్చిన మార్పు మాత్రం మైనస్ 4 కిలోమీటర్లే. సగటు వడి (దిశ చూడకుండా, తిరిగిన దూరాన్ని బట్టి) గంటకు దాదాపు 31 కిలోమీటర్లు, సగటు వేగం (స్థానంలో మార్పును బట్టి) గంటకు దాదాపు మైనస్ 4.4 కిలోమీటర్లు. ప్రయాణం ఒకటే అయినా రెండు అంకెలు ఇంత దూరంగా ఉన్నాయంటే, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు కాబట్టి.

ఇప్పుడు సున్నా ఎక్కడ పెట్టాలన్న సంగతి. అదే ప్రయాణాన్ని టీకొట్టు సున్నాగా పెట్టుకుని గీయండి. 10వ రాయి మైనస్ 12 అవుతుంది, 22వ రాయి సున్నా, 6వ రాయి మైనస్ 16. గ్రాఫ్ మొత్తం కిందికి జరిగి, గీత ఎక్కడా సున్నా దాటి పైకి రాదు. అయినా మూడు ముక్కల వాలూ అణువంత మారలేదు. మొదటి 20 నిమిషాలు స్థానం రుణాత్మకమే, వేగం మాత్రం ధనాత్మకం. గీత అక్షానికి కింద ఉంటే వస్తువు వెనక్కి వెళ్తోందని అనుకోవడం తప్పు. కింద ఉందా పైన ఉందా అన్నది మనం సున్నా ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎటు వెళ్తోందన్నది వాలు చెబుతుంది.

వాలును కోణమానితో కొలవాలని ప్రయత్నించకండి. అదే స్కూటర్ గ్రాఫ్‌ను నిమిషానికి ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే గీత పడుకున్నట్టు కనబడుతుంది, పది నిమిషాలకు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే నిటారుగా లేస్తుంది. ఆయన బండి వేగం రెండింటిలోనూ గంటకు 36 కిలోమీటర్లే. వాలు అంటే కాగితం మీద కోణం కాదు, నిలువు అక్షం మీద వచ్చిన మార్పును అడ్డ అక్షం మీద వచ్చిన మార్పుతో భాగిస్తే వచ్చేది. దానికి ప్రమాణాలు ఉంటాయి. రెండు వేర్వేరు గ్రాఫులు పక్కపక్కన పెట్టి ఇది ఎక్కువ ఏటవాలుగా ఉంది కాబట్టి దీనిదే ఎక్కువ వేగం అనే ముందు, అక్షాల మీద అంకెలు చూడాలి.

బెర్లిన్‌లో 9.58 సెకన్లు

పాఠ్యపుస్తకాల్లో గీతలు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. నిజమైన చలనం అలా ఉండదు. అందుకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ 2009 ఆగస్టు 16న బెర్లిన్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో ఉసేన్ బోల్ట్ పరిగెత్తిన 100 మీటర్ల పరుగు. ప్రతి 20 మీటర్లకూ కాలాన్ని కొలిచారు. 20 మీటర్లు దాటేసరికి 2.89 సెకన్లు, 40కి 4.64, 60కి 6.31, 80కి 7.92, 100కి 9.58.

ఈ అంకెల్ని గ్రాఫ్ కాగితం మీద చుక్కలుగా పెట్టి నున్నగా కలపండి. ముందుగా కళ్లకు కనబడని ఒక చిన్న ముక్క. తుపాకి పేలిన తర్వాత బోల్ట్ కదలడానికి పట్టిన కాలం 0.146 సెకన్లు. అంతసేపూ గీత సున్నా దగ్గరే అడ్డంగా ఉంటుంది. ఆ తర్వాత పైకి వంగుతుంది. మొదటి 20 మీటర్ల సగటు వేగం సెకనుకు 6.9 మీటర్లు. తర్వాతి 20 మీటర్లకు 11.4, ఆ తర్వాత 12.0, 60 నుంచి 80 మీటర్ల మధ్య 12.4. అంటే గంటకు దాదాపు 45 కిలోమీటర్లు. ఆఖరి 20 మీటర్లలో 12.05కి పడిపోయింది.

ఆఖరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. బోల్ట్ చివర్లో నెమ్మదించాడు. గీత మాత్రం పైకే వెళ్తోంది. వేగం తగ్గితే గీత కిందికి దిగాలి కదా అనిపించడం సహజమే, కానీ ఆ ఆలోచనే ఈ పాఠం మొత్తానికీ అసలు చిక్కుముడి. గీత కిందికి దిగాలంటే బోల్ట్ వెనక్కి తిరిగి గన్ పేల్చినచోటికి పరిగెత్తాలి. వేగం తగ్గినప్పుడు గీత పైకి ఎక్కడం ఆగదు, ఎక్కే తీరులో నిటారుతనం తగ్గుతుంది. ఇక్కడ తగ్గింది ఎంత తక్కువంటే, మామూలు సైజు గ్రాఫ్‌లో కంటికి ఆనదు. అంకెలు తీసివేసి భాగిస్తే కాని తెలియదు.

100 మీటర్లను 9.58తో భాగిస్తే సగటు వేగం సెకనుకు 10.44 మీటర్లు. గ్రాఫ్‌లో ఇది మొదటి చుక్కను చివరి చుక్కతో కలిపే తిన్నని గీత వాలు. బోల్ట్ గీసిన వంపు ఆ తిన్నని గీతకు కిందుగా సాగి, చివర్లో వచ్చి దాన్ని కలుస్తుంది. సగటు వేగం అనేది పరుగంతా ఆయన నిలబెట్టుకున్న వేగం కాదు. మొదట్లో ఆయన వేగం దానికి చాలా తక్కువ, తర్వాత చాలా ఎక్కువ. వేగం పెరుగుతూ పోయినప్పుడు ఆ సరిగ్గా 10.44 అనే అంకె మీదుగా ఒక్క క్షణంలో దాటిపోయాడు.

ఆ ఒక్క క్షణం వేగాన్ని గ్రాఫ్ నుంచి ఎలా తీస్తారు? 20 మీటర్ల ముక్కలు పెద్దవి. వాటిని 10కి, 5కి, 1కి తగ్గిస్తూ పోతే, రెండు చుక్కల్ని కలిపే గీత క్రమంగా ఒక స్థిరమైన వాలు దగ్గర కుదురుకుంటుంది. వంపును ఒక్క చోట మాత్రమే ఒరుసుకుంటూ వెళ్లే ఆ గీత పేరు స్పర్శరేఖ. దాని వాలే ఆ క్షణంలో వేగం. ఇంటర్‌లో వచ్చే అవకలనం అంటే ఇదే పనిని సూత్రంతో చేయడం. గ్రాఫ్ మీద ఇది చేత్తో చేసి చూసిన పిల్లలకు అవకలనం పరాయి విషయంగా అనిపించదు.

ఆ పరుగులో రెండో స్థానంలో వచ్చిన టైసన్ గే కాలం 9.71 సెకన్లు. ఇద్దరి గీతల్నీ ఒకే కాగితం మీద గీస్తే వాటి మధ్య ఖాళీని రెండు రకాలుగా కొలవొచ్చు. 100 మీటర్ల దగ్గర అడ్డంగా కొలిస్తే 0.13 సెకన్లు, అంటే గే ఎంతసేపు ఆలస్యంగా వచ్చాడన్నది. 9.58 సెకన్ల దగ్గర నిలువుగా కొలిస్తే, బోల్ట్ ముగింపు గీత దాటిన క్షణంలో గే ఎంత వెనక ఉన్నాడన్నది. సెకనుకు దాదాపు 12 మీటర్ల లెక్కన అది సుమారు ఒకటిన్నర మీటరు. అడ్డంగా చూస్తే కాలం, నిలువుగా చూస్తే దూరం. ఒకే ఖాళీ రెండు ప్రశ్నలకు జవాబు చెబుతుంది.

బంతి పైకీ కిందికీ, గీత మాత్రం కమాను

గ్రాఫ్ దారి బొమ్మ కాదని నమ్మకం కుదరాలంటే బంతిని నిట్టనిలువుగా పైకి విసరాలి. బంతి వెళ్లే దారి ఒకే నిలువు గీత. అదే గీత మీదుగా పైకి వెళ్లి, దాని మీదుగానే కిందికి వస్తుంది. పక్కకు జరగనే జరగదు. దాని స్థానం–కాలం గ్రాఫ్ మాత్రం అందమైన కమాను ఆకారంలో వస్తుంది. పక్కకు సాగింది బంతి కాదు, కాలం.

సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరామనుకుందాం. గాలి నిరోధం వదిలేద్దాం. గురుత్వ త్వరణం, అంటే భూమి లాగడం వల్ల వేగం సెకనుకు ఎంత మారుతుందన్న అంకె, 9.8ని లెక్క తేలిక కోసం 10గా తీసుకుందాం. ఒక సెకనుకు బంతి 15 మీటర్ల ఎత్తులో, 2 సెకన్లకు 20 మీటర్ల ఎత్తులో, 3 సెకన్లకు మళ్లీ 15 మీటర్ల దగ్గర, 4 సెకన్లకు చేతిలో ఉంటుంది. వాలు లెక్క చూస్తే విసిరిన క్షణంలో 20, ఒక సెకనుకు 10, శిఖరం దగ్గర సున్నా, 3 సెకన్లకు మైనస్ 10, చేతిలో పడేటప్పుడు మైనస్ 20.

శిఖరం దగ్గర వాలు సున్నా అన్నాం. స్కూటర్ టీకొట్టు దగ్గర ఆగినప్పుడు కూడా వాలు సున్నాయే. మరి రెండూ ఒకటేనా? కాదు. స్కూటర్ గ్రాఫ్‌లో 10 నిమిషాల పొడవున గీత అడ్డంగా పడుకుని ఉంది. బంతి గ్రాఫ్‌లో అడ్డంగా ఉన్న ముక్క ఎంత చిన్నది వెతికినా దొరకదు, ఉన్నది ఒక్క బిందువే. 1.9 సెకన్ల దగ్గర బంతి ఎత్తు 19.95 మీటర్లు, 2.1 సెకన్ల దగ్గరా 19.95 మీటర్లే. ఆ 0.2 సెకన్లలో అది 5 సెంటీమీటర్లు ఎక్కి, 5 సెంటీమీటర్లు దిగింది. శిఖరం మీద బంతి ఒక్క క్షణం కూడా తీరిగ్గా నిలబడదు. నిజంగా నిలబడిపోతే అక్కడే గాల్లో వేలాడుతూ ఉండాల్సి వచ్చేది.

ఇక్కడే త్వరణం సంగతి కూడా తెలుస్తుంది. కమాను మొదటి నుంచి చివరి దాకా ఒకే వైపుకు, కిందికే వంగి ఉంది. ఎక్కేటప్పుడూ అదే వంపు, దిగేటప్పుడూ అదే వంపు. వంపు ఎటు ఉందన్నదే త్వరణం గుర్తు. కాబట్టి నాలుగు సెకన్లూ త్వరణం మైనస్ 10, శిఖరం దగ్గర కూడా. మైనస్ త్వరణం అంటే నెమ్మదించడం అని చాలామంది అనుకుంటారు. ఎక్కేటప్పుడు ఆ మాట నిజమే, దిగేటప్పుడు అదే మైనస్ త్వరణం బంతి వడిని పెంచుతోంది. వేగం గుర్తు, త్వరణం గుర్తు ఒకటే అయితే వడి పెరుగుతుంది, వేరైతే తగ్గుతుంది. గ్రాఫ్ చూసి చెప్పాలంటే ఇంకా తేలిక. గీత ముందుకు పోయేకొద్దీ నిటారుగా అవుతుంటే వడి పెరుగుతోంది, చదునుగా అవుతుంటే తగ్గుతోంది. ఎక్కుతోందా దిగుతోందా అన్నదానితో పని లేదు.

శిఖరం నుంచి దిగడాన్ని విడిగా చూస్తే మొదటి సెకనులో 5 మీటర్లు, రెండో సెకనులో 15. ఇంకా కిందికి పడే వీలుంటే మూడో సెకనులో 25, నాలుగులో 35. 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల వరుస ఇది. గెలీలియో వాలు పలకల మీద గుండ్లు దొర్లించి, ఈ వరుసను 1638లో ప్రచురించాడు.

గీతలు కలిసిన చోట

రెండు వస్తువుల గీతలు ఒకచోట ఖండించుకుంటే అర్థం ఏమిటి? ఆ క్షణంలో రెండూ ఒకే చోట ఉన్నాయి, అంతే. రెండింటి వేగాలు సమానం అని చాలామంది రాస్తారు. ఖండన దగ్గర వాలులు వేరుగా ఉండబట్టే గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. వేగాలు సమానమయ్యే క్షణం కావాలంటే రెండు గీతలూ సమాంతరంగా ఉన్న చోటు వెతకాలి. అక్కడ వాటి మధ్య దూరం ఎంతైనా ఉండొచ్చు.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాదాపు 132 కిలోమీటర్లు. ఉదయం 6 గంటలకు సికింద్రాబాద్‌లో ఒక రైలు, కాజీపేటలో మరో రైలు ఎదురెదురుగా బయల్దేరాయని, ఎక్కడా ఆగవని అనుకుందాం. మొదటిది గంటకు 60 కిలోమీటర్లు, రెండోది 84. ఒకటి సున్నా నుంచి పైకెక్కే గీత, రెండోది 132 నుంచి కిందికి దిగే గీత. అవి ఖండించుకునేది 6 గంటల 55 నిమిషాలకు, సికింద్రాబాద్ నుంచి 55 కిలోమీటర్ల దగ్గర, భువనగిరికీ ఆలేరుకూ మధ్య. రెండో రైలు అరగంట ఆలస్యంగా బయల్దేరితే కొత్తగా సమీకరణం రాయనక్కర్లేదు. దాని గీతను వాలు మారకుండా అరగంట కుడివైపుకు జరిపితే చాలు. ఖండన బిందువు మొదటి రైలు గీత మీదుగా పైకి జారి 72.5 కిలోమీటర్ల దగ్గర, 7 గంటల 12 నిమిషాలు దాటాక ఆగుతుంది.

ఇది కేవలం లెక్కల కోసం అల్లిన ఉదాహరణ కాదు. రైల్వే కంట్రోల్ ఆఫీసుల్లో సెక్షన్ కంట్రోలర్ ముందుండే చార్ట్ స్థానం–కాలం గ్రాఫే. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు, ఒక్కో రైలుకు ఒక్కో గీత. ఒకప్పుడు పెన్సిలూ స్కేలూ పట్టుకుని గీసేవాళ్లు, ఇప్పుడు కంప్యూటర్ తెర మీద వస్తుంది. ఫ్రాన్స్‌లో ఎతియెన్ జూల్ మారే 1885 నాటి తన పుస్తకంలో పారిస్, లియోన్ మధ్య రైళ్ల వేళల్ని ఇలాంటి గీతలతోనే చూపించాడు. సింగిల్ లైన్ మార్గంలో ఎదురెదురు రైళ్ల గీతలు రెండు స్టేషన్ల మధ్య ఖండించుకున్నాయంటే ఆ ప్లాన్ పనికిరాదు. ఖండన సరిగ్గా స్టేషన్ గీత మీదే పడాలి, అక్కడ ఒక రైలు లూప్ లైన్‌లో, అంటే స్టేషన్‌లో పక్కకు వేసిన పట్టాల మీద, ఆగి ఉండాలి. ఆ ఆగడం చార్ట్‌లో అడ్డ ముక్కగా కనిపిస్తుంది. ఎక్స్‌ప్రెస్ గూడ్స్‌ను దాటిపోయే చోట కూడా అంతే. గూడ్స్ గీత కాసేపు అడ్డంగా పడుకుంటుంది, ఎక్స్‌ప్రెస్ నిటారు గీత దాని మీదుగా దాటిపోతుంది.

ఏ చార్ట్‌లోనూ కనిపించకూడని గీతలు కొన్ని ఉన్నాయి. నిట్టనిలువు గీత ఉంటే రైలు ఒకే క్షణంలో చాలా చోట్ల ఉన్నట్టు. గీత ఎడమవైపుకు వంగితే కాలం వెనక్కి నడిచినట్టు. గీత తెగి మరోచోట మొదలైతే రైలు మధ్య దారి లేకుండా గెంతినట్టు. పాఠ్యపుస్తకాల్లో, పైన నా స్కూటర్ లెక్కలో, ముక్కలు కలిసే చోట పదునైన మూల వస్తుంది. అదీ పూర్తిగా నిజం కాదు. గంటకు 36 కిలోమీటర్ల నుంచి సున్నాకు ఏ బండీ ఒక్క క్షణంలో రాదు, బ్రేకు వేసిన ఆ కొన్ని సెకన్లలో గీత గుండ్రంగా వంగుతుంది. నిమిషాల స్కేలు మీద ఆ గుండ్రం కనబడదు కాబట్టి మూలగా గీస్తాం.

ఆలస్యంగా నడిచే రైలును చార్ట్ మీద చదవడం కూడా బోల్ట్, గే గీతల్ని చదివినట్టే. టైంటేబుల్ గీత ఒకటి, రైలు నిజంగా నడిచిన గీత ఒకటి. రెండింటి మధ్య అడ్డంగా ఉన్న ఖాళీ ఆలస్యం. రెండు గీతలూ సమాంతరంగా సాగితే రైలు 20 నిమిషాల ఆలస్యాన్ని అలాగే మోసుకుపోతోంది. నడిచిన గీత ఇంకాస్త నిటారుగా ఉంటే ఖాళీ తగ్గుతూ వస్తోంది, రైలు కాలాన్ని కలుపుకుంటోంది. స్టేషన్ దగ్గర అడ్డ ముక్క టైంటేబుల్లో ఉన్నదానికన్నా పొడుగ్గా ఉంటే, రైలు ఆలస్యం దారిలో కాదు, ప్లాట్‌ఫారం మీద జరిగింది.